సీసా నిండుగానే ఇంటికి వెళ్ళేది

కాశీబుగ్గ,
ఆదివారం రాత్రి

ప్రియమైన చిట్టికి,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన మాటకి జవాబు చెప్పలేకపోయాను. సరిగ్గా అప్పుడే మా జీడిపప్పు యూనిట్లో బాయిలర్ దగ్గర నుంచి మేస్త్రి కేకేశాడు, పెట్టేశాను. మళ్ళీ చేద్దామనుకున్నాను గానీ, ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. పిల్లలు పడుకున్నారు. ఈయన లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. నేను కాగితం తీసుకున్నాను. శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు సెలవులకి ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళి పది పేజీల ఉత్తరాలు రాసుకునేవాళ్ళం, గుర్తుందా? ఇదీ అంత అవుతుందేమో, ఓపిగ్గా చదువు.

అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బాబు ఇంటర్ పరీక్షలు ఎలా రాశాడు? వాడికి ఇష్టమని రెండు కిలోలు గుండు జీడిపప్పు, మీ ఇంట్లో వంటలోకి రెండుగా విడిపోయిన బద్ద ఒక కిలో కట్టి పెట్టాను. బస్సు పార్సిల్‌లో వేస్తాను. గుండు 240 రకం. పౌను బరువుకి 240 లోపు తూగుతాయి కాబట్టి ఆ పేరు. డబ్బులు పంపావంటే మాత్రం ఊరుకోను.

ఇక నీ ప్రశ్న. "నీ యూనిట్ నువ్వు చూసుకోక ఊళ్ళో పెద్దవాళ్ళతో ఈ తగువు ఎందుకే నీకు? రేపు సరుకు ఇవ్వకపోతే ఏం చేస్తావ్?" అన్నావు. నా మీద బెంగతోనే అన్నావని తెలుసు. కానీ ఆ మాట నాలో రెండు రోజులుగా తిరుగుతూనే ఉంది. ఎందుకంటే ఏడాది క్రితం వరకూ నేనూ నాకు నేను సరిగ్గా అదే చెప్పుకునేదాన్ని.

అసలు సంగతి ఒక నీళ్ళ సీసాతో మొదలైంది.

మా దగ్గర జీడి పిక్కలు కొట్టే ఒక అప్ప, అక్కలాంటి మనిషి, ఉంది. పేరు రాయను, తనకి ఇష్టం ఉండదు. యూనిట్ పెట్టిన మొదటి నెల నుంచీ ఉంది. నువ్వెప్పుడూ దగ్గర నుంచి చూడలేదు కదా, ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ముందు రోజు ఆవిరి పట్టి ఆరబెట్టిన పిక్కని కుడి చేత్తో తీసి మెషీన్ మీద పెట్టాలి, లివర్ నొక్కాలి, పెంకు రెండుగా విడిపోతుంది. లోపలి గుండుని విరగకుండా తియ్యాలి. ఆ పెంకులో నల్లటి నూనె ఉంటుంది. అది చర్మానికి తగిలితే కాలిపోతుంది, పొక్కిపోతుంది. అందుకే వాళ్ళు పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకుని, పైన బూడిద పూసుకుని కూర్చుంటారు. అయినా సాయంత్రానికి వేళ్ళ చివర్లు నల్లగా మాడిపోయి ఉంటాయి. పెళ్ళిలో పక్కన కూర్చున్నా ఆ వేళ్ళు చూసి చెప్పేయొచ్చు, పలాసలో జీడి పని చేసే మనిషి అని.

ఆ అప్ప రోజూ లీటరు సీసాతో నీళ్ళు తెచ్చుకునేది. పాత కూల్‌డ్రింక్ సీసా, మూతకి దారం కట్టి ఉండేది. పోయిన మే నెలలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం, గేటు దగ్గర అందరూ వెళ్ళిపోతుంటే ఎందుకో నా చూపు ఆ సీసా మీద పడింది. నిండుగా ఉంది. పొద్దున్న తెచ్చినట్టే ఉంది. మర్నాడు కావాలనే చూశాను. మళ్ళీ నిండుగానే. మిగతా వాళ్ళవీ చూశాను. సగం మంది సీసాలు అలాగే వెళ్తున్నాయి.

"ఏం అప్పా, నీళ్ళు తాగవా?" అన్నాను.

"తాగితే మరెక్కడికెల్తామమ్మా?" అంది. కోపంగా కాదు, మామూలుగా. అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పినంత మామూలుగా.

చిట్టీ, మా యూనిట్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉంది. కట్టించాను. లైసెన్సు కోసం ప్లాన్‌లో చూపించాలి కదా. కానీ మూడేళ్ళ క్రితం పప్పు డబ్బాలు పెట్టడానికి చోటు చాలక దానికి తాళం వేసి, ఖాళీ డబ్బాలు, గోనె సంచులు అందులో పెట్టించింది నేనే. మగవాళ్ళు గోడ వెనక్కి వెళ్ళిపోతారు. మరి ఈ ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారని ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నేను మాత్రం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి వచ్చేదాన్ని.

తాళం తీయిస్తానని అనుకుంటూనే ఆ వారం గడిచిపోయింది. సరుకు లోడింగ్ ఉంది, బ్యాంకు పని ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ అప్ప మెషీన్ మీదే ఒరిగిపోయింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. దారి పొడవునా నా ఒళ్ళో తల పెట్టి ఒకటే మాట, "క్రియాటిన్ సూడమనమ్మా, క్రియాటిన్ సూడమను" అని.

నువ్వు విజయనగరంలో ఉంటావు కాబట్టి ఈ మాట నీకు అంతగా తగలదేమో. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్త పరీక్షలో చెప్పే క్రియాటినిన్ అన్న మాట తెలియని ముసలమ్మ మా వైపు ఉండదు. సంతకం రాకపోయినా ఆ అంకె ఎంతుంటే ప్రమాదమో చెబుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. షుగరు లేదు, బీపీ లేదు, అయినా నలభై ఏళ్ళ మనిషికి కిడ్నీలు పాడైపోతాయి. ఎన్నో బృందాలు వచ్చి నీళ్ళు పరీక్షించాయి, మట్టి పరీక్షించాయి, రక్తాలు తీసుకువెళ్ళాయి. ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసి సరిపడా నీళ్ళు తాగకపోవడం కూడా ఒక కారణమై ఉండొచ్చన్న అనుమానం మాత్రం చాలా మంది శాస్త్రవేత్తలకి ఉంది. ఆ అప్ప బావగారు వారానికి మూడు సార్లు డయాలసిస్‌కి వెళ్ళేవాడు, రెండేళ్ళ క్రితం పోయాడు. ఆమెకి నీళ్ళు తాగాలని తెలియక కాదు. తాగితే వెళ్ళడానికి చోటు లేక.

దేవుడి దయ, క్రియాటినిన్ బాగానే ఉంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు పూర్తిగా తగ్గిపోవడం. డాక్టరమ్మ ఆమెని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, "మీరు ఓనరా? వీళ్ళు పనిలో ఉండగా ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్తారు?" అని అడిగింది. నాకు తెలియదు. పిక్కల్లో తేమ ఎంతుందో చేత్తో పట్టుకుని చెప్పగలను, ఏ డబ్బాలో విరిగింది ఎంత కలిసిందో వాసన చూసి చెప్పగలను. ఇది తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే తాళం తీయించాను. డబ్బాలకి వేరే రేకుల షెడ్ వేయించాను. ఇంకో రెండు మరుగుదొడ్లు కట్టించాను, లోపల గడియ, కొళాయి, బకెట్, బహిష్టు గుడ్డలు పడేయడానికి మూత ఉన్న డబ్బా. అంతా కలిపి 85 వేలు అయింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. వారం తర్వాత చూస్తే సీసాలు ఇంకా సగం నిండుగానే వెళ్తున్నాయి!

ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది. మా దగ్గర కూలి రోజు లెక్క కాదు, కిలో లెక్క. ఎన్ని కిలోల గుండు తీస్తే అంత. విరిగితే తక్కువ. లేచి వెళ్ళి, చేతులకి ఉన్న బూడిద, నూనె సబ్బుతో కడుక్కుని, వచ్చి మళ్ళీ ఆముదం పూసుకుని కూర్చోవాలంటే పావుగంట. పావుగంటకి ఎన్ని పిక్కలు పోతాయో వాళ్ళకి లెక్క తెలుసు. నూనె చేతులతో లోపలికి వెళ్ళలేరు కదా, ఒంటికి ఎక్కడ తగిలినా కాలుతుంది. అంటే దొడ్డి కట్టినంత మాత్రాన చాలదు, ఆ పావుగంటకి కూలి కూడా కట్టాలి. ఈ ముక్క నాకు ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేదు. పొట్టు తీసే ఒక పిల్ల చెప్పింది, పందొమ్మిదేళ్ళది, "అమ్మా, గంట కొట్టి అందర్నీ ఒకేసారి లేపండి, అప్పుడు ఎవరికీ వెనకబడిపోతామన్న టెన్షన్ ఉండదు" అని.

ఇప్పుడు పదకొండింటికి, మూడింటికి గంట కొడతాం. మెషీన్లు ఆగిపోతాయి. ఆ రెండు విరామాలకీ అందరికీ సమానంగా కొంత కలిపి వారం చివర ఇస్తాను. చేతి తొడుగులు కూడా తెచ్చాను గానీ, వాటితో గుండు తియ్యడం కుదరదన్నారు, అది నిజమే. సన్నటి రకం దొరుకుతుందేమో ఇంకా వెతుకుతున్నాను.

ఇదంతా నా గేటు లోపలి సంగతి. ఇక్కడితో ఆగితే నువ్వూ ఫోన్ చేసేదానివి కాదు.

పలాసలో జీడి యూనిట్లు వందల్లో ఉన్నాయి. అన్నింట్లో ఈ పని చేసేది ఎక్కువ ఆడవాళ్ళే. యజమానుల మీటింగ్ జరిగితే నలభై మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళం అన్నట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ మీటింగులకి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, టీ తాగి, సంతకం పెట్టి వచ్చేసేదాన్ని. కరెంటు ఛార్జీల మీద, ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కల ధర మీద మాట్లాడాల్సినవి నాకూ ఉండేవి. మాట్లాడలేదు. ఆడది నలుగురిలో లేచి మాట్లాడితే రేపు బేరం దగ్గర మొహం చాటేస్తారేమోనని భయం. నువ్వు మొన్న అన్న భయమే.

పోయిన నెల మీటింగ్‌లో లేచాను. కాళ్ళు వణికాయి. నిజం చెబుతున్నాను, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. ఆ అప్ప సంగతి చెప్పాను. నా యూనిట్లో దొడ్డికి తాళం వేసింది నేనేనని ముందే చెప్పాను, లేకపోతే నీతులు చెప్పడానికి వచ్చిందనుకుంటారు. ఆడవాళ్ళకి వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు, మన అమ్మలు పుట్టకముందు మాట. మన యూనిట్లన్నింట్లో రోజుకి రెండు సార్లు గంట కొట్టి నీళ్ళ విరామం ఇద్దాం, ఆ కాస్త కూలి అందరం ఒకేలా ఇస్తే ఎవరికీ పోటీలో నష్టం ఉండదు అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. మరుగుదొడ్డి అన్న మాట ఒక ఆడమనిషి నోట, అంతమంది మధ్య, మైకులో! ఒక పెద్దాయన, మంచాయనే, "అమ్మా, నువ్వు చెప్పింది బాగానే ఉంది గానీ ఇలాంటివి మీటింగ్‌లో మాట్లాడుకునేవి కావు" అన్నారు. "బాబాయ్, 80 కిలోల బస్తాకి ఎంత పప్పు దిగుతుందో, ఎంత మిగులుతుందో గంట నుంచి ఇక్కడే మాట్లాడుకుంటున్నాం. ఆ పప్పు దించే చేతుల గురించి ఇంకెక్కడ మాట్లాడాలి?" అన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. అప్పుడు నా పక్కన కూర్చున్నావిడ లేచింది. భర్త పోయాక యూనిట్ నడుపుకుంటున్న మనిషి, ఎప్పుడూ నోరు విప్పగా చూడలేదు. "నేను ఓనర్ని కాకముందు పదేళ్ళు పొట్టు తీశాను. ఈవిడ చెప్పింది ప్రతి ముక్కా నిజం" అని కూర్చుంది. అంతే. ఆ ఒక్క వాక్యానికి నా పావుగంట ఉపన్యాసం సరితూగదు.

తీర్మానం అయితే జరగలేదు. మీటింగ్ అయ్యాక నలుగురు వచ్చి మా యూనిట్ చూస్తామన్నారు, ఇద్దరు నిజంగానే వచ్చారు. ఒకాయన వాళ్ళ దగ్గర గంట మొదలుపెట్టాడు. ఇద్దరికి మాత్రం బాగా కోపం వచ్చింది, కూలీలకి లేనిపోనివి నేర్పుతోందని. ఒక బ్రోకరు మూడు వారాలు నాకు పిక్కలు ఆపేశాడు. కష్టమైంది, దాచను. వేరే చోట కొంచెం ఎక్కువ ధరకి కొన్నాను. నువ్వు విన్నది ఈ ముక్కే. ముందూ వెనకా లేకుండా విన్నావు కాబట్టి తగువులా అనిపించింది.

మా అమ్మ నీకు తెలుసు కదా. డ్వాక్రా గుంపులో రోజుకి రూపాయి పొదుపు చేసిన మనిషి. నా మొదటి మెషీన్లు వాళ్ళ గుంపు అప్పుతోనే వచ్చాయి. అమ్మ దూబగుంట సంగతి ఎన్నిసార్లు చెప్పేదో! నెల్లూరు జిల్లాలో చిన్న ఊరు. 1992లో అక్కడి ఆడవాళ్ళు, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్ళు, రోశమ్మ గారిని ముందు పెట్టుకుని తమ ఊళ్ళో సారా దుకాణం వద్దన్నారు. ఊరి నుంచి ఊరికి పాకి, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేయాల్సి వచ్చింది. తర్వాత 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది, అది వేరే కథ. నేను అంటున్నది, వాళ్ళకి షాపు లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఇంట్లో తాగొచ్చే మొగుడు ఉన్నాడు. అయినా నోరు విప్పారు. మా అమ్మ, నాలుగో తరగతి చదివిన మనిషి, బెల్టు షాపు తీయించమని తహసీల్దారు బల్ల ముందు నిలబడి మాట్లాడింది. మరి జీఎస్టీ నంబరు ఉండి, బ్యాంకులో కరెంట్ అకౌంట్ ఉండి, నా మాట మీద 28 కుటుంబాల వారం గడుస్తున్న నేను ఎందుకు మాట్లాడకూడదే? ఆ అప్ప అదే మీటింగ్‌లో లేచి అదే మాట చెబితే మర్నాడు పని ఉండదు. నాకు మూడు వారాలు పిక్కలు ఆగాయి, అంతే. ఆ తేడా వల్లే నేను మాట్లాడాలి.

ఇంకోటి కూడా ఉంది. తిత్లీ రాత్రి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను మన పలాస పక్కనే తీరం దాటింది. మా షెడ్డు రేకులు ఎక్కడో పొలాల్లో దొరికాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేర్లతో సహా పడిపోయాయి. ముప్పై ఏళ్ళ తోటలు ఒక్క పూటలో పోయాయి. తెల్లారి నేను యూనిట్ ముందు కూర్చుని ఏడుస్తుంటే, చీపుళ్ళు పట్టుకుని పదిహేను మంది వచ్చారు. వాళ్ళ ఇళ్ళ కప్పులు కూడా ఎగిరిపోయాయి. ముందు నా దగ్గరికి వచ్చారు. తడిసిన పప్పుని బురద నుంచి ఏరి, చీరలు పరిచి ఆరబెట్టారు. కరెంటు లేదు, అన్నం లేదు. నాలుగు రోజులు ఎవరూ కూలి మాట ఎత్తలేదు. తర్వాత ఇచ్చాననుకో, కానీ ఆ పొద్దున్న వాళ్ళు రాకపోతే నేను వ్యాపారం వదిలేసేదాన్ని. అలాంటి వాళ్ళ దొడ్డికి నేను తాళం వేశాను. ఇది నన్ను పొడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నీ గురించి ఒక మాట. కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా పర్వాలేదు, చదవడం మాత్రం ఆపకు.

పోయినేడు మీ విజయనగరం సిరిమానోత్సవానికి వచ్చినప్పుడు, మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడి చెప్పావు, మీ టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు కొత్త పిల్లని ఇబ్బంది పెడుతున్నాడని, కొలతల టేపు వంకతో చెయ్యి వేస్తున్నాడని. "మంచి పనివాడు, పోగొట్టుకోలేను, ఆ పిల్లనే పై అంతస్తులో కాజాలు కుట్టడానికి మార్చేశాను" అన్నావు. నేను ఆ రోజు తల ఊపాను. తప్పు చేశాను. నువ్వూ తప్పు చేశావు చిట్టీ. మార్చాల్సింది ఆ పిల్లని కాదు. పైకి పంపడంతో తనకి కటింగ్ నేర్చుకునే అవకాశం పోయింది, అతనికి ఏమీ పోలేదు. మిగతా పిల్లలందరూ అది చూశారు.

నీ దగ్గర పన్నెండు మంది పనిచేస్తున్నారు. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆఫీసులకే అనుకుంటాం, కాదు. టైలరింగ్ షాపుకీ అంతే, జీడి యూనిట్‌కీ అంతే. పెద్దావిడ ఒకరు ముందుండాలి, సగం మందైనా ఆడవాళ్ళు ఉండాలి, ఇలాంటి విషయాలు తెలిసిన బయటి మనిషి ఒకరు ఉండాలి. పది మంది లేని చోట పనిచేసే వాళ్ళ కోసం జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల లోపు కాగితం మీద రాసి ఇవ్వాలి. నేనూ మొన్నే వేశాను, పేర్లు గేటు లోపల గోడ మీద అంటించాను. మా ఆ అప్పే ముందుంటుంది. ఆ కాగితం అంటించిన రోజే ఇద్దరు వచ్చి, ఇన్నాళ్ళూ చెప్పుకోని సంగతులు చెప్పారు. అవి ఉత్తరంలో రాసేవి కావు, కలిసినప్పుడు చెబుతాను.

విజయనగరంలో నీకు ఎంత మంది షాపుల ఆడవాళ్ళు తెలుసు! బ్యూటీ పార్లర్లు, కర్రీ పాయింట్లు, బట్టల కొట్లు. ఆ మాస్టరు నీ దగ్గర మానేస్తే వాళ్ళలో ఒకరి దగ్గర చేరతాడు. నువ్వు ఒక్కదానివి చెబితే అసూయ అంటారు. పది మంది కలిసి చెబితే అలా అనలేరు. హైదరాబాద్‌లో కన్నెగంటి రమాదేవి గారు 1993లోనే ఆడ వ్యాపారస్తులందరినీ కలిపి ఎలీప్ అనే సంఘం పెట్టారు, ఏకంగా పారిశ్రామిక వాడే కట్టుకున్నారు వాళ్ళు. మనకి అంత పెద్దది అక్కర్లేదు. నెలకోసారి ఎవరి షాపు వెనక గదిలోనో చాప వేసుకుని కూర్చుంటే చాలు. ఇక్కడ మేం ఐదుగురం అయ్యాం. మొదటి పనిగా మా ఐదు యూనిట్ల ఆడవాళ్ళందరికీ కిడ్నీ పరీక్షలు చేయించాలనుకుంటున్నాం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది కదా, అక్కడ అడగడానికి మంగళవారం వెళ్తున్నాం. పరీక్ష రోజు కూలి పోకుండా చూడాలి, లేకపోతే ఎవరూ రారు. గంట విషయంలో నేర్చుకున్నది అదే.

నువ్వు ఆ పిల్లతో మాట్లాడాక నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా పర్వాలేదు. మాస్టరుని తీసేస్తే పండగ సీజన్‌కి పని ఆగిపోతుందని భయపడుతున్నావని తెలుసు. మా చెల్లి వాళ్ళ వీధిలో కటింగ్ బాగా వచ్చిన ఒకావిడ ఉంది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, విజయనగరంలో ఉండడానికి అభ్యంతరం లేదంటోంది. అడిగే ఉంచాను.

వచ్చే ఆదివారం పలాస పాసింజర్ ఎక్కి వచ్చేయ్. ఒక పూట ఉండు. చేపల పులుసు చేస్తాను. సోమవారం పదకొండింటి గంట దాకా ఆగి చూసి వెళ్ళు. నిన్న ఆ అప్ప మూడింటి గంటకి సీసా ఖాళీ చేసి, కుండ దగ్గర మళ్ళీ పట్టుకుని, నాకు దూరం నుంచే ఎత్తి చూపించింది. మూతకి కొత్త దారం కట్టింది, ఎర్రది.

వచ్చేటప్పుడు నా జాకెట్లు రెండూ మర్చిపోకు.

నీ
బుజ్జి